పెర్పెతువా అనే మదర్‌బోర్డు

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ ఉదయం అమ్మ కాఫీలో పంచదార రెండుసార్లు వేసుకుంది. రెండోసారి వేసుకుంటున్నప్పుడు నేను చూస్తూనే ఉన్నాను. చెప్పలేదు. ఆమె కప్పు ఖాళీ చేసి, కడిగి, బోర్లించింది. తీపి ఎక్కువైందని కూడా అనలేదు.

పుస్తకాల కొట్టు మూతపడి ఇవాళ్టికి పన్నెండు రోజులు.

ఫ్రాంకా మేడమ్ పంపిన ఉత్తరం మళ్లీ చదివాను. బడిపుస్తకాలు వేసే చిన్న ప్రచురణ సంస్థ ఆమెది. కొట్టులో నేను తయారుచేసిన జాబితాలు చూసింది. పేజీలు కూర్చే పని ఇస్తానంది. ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. మార్చి 3, సోమవారం ఫైళ్లు పంపుతుంది. రెండు వారాలు పరీక్ష. కంప్యూటర్ నాదే ఉండాలి. అట్లాసు పేజీలు కాబట్టి నాసిరకంది పనికిరాదు.

ఈ పని రాకపోతే తొలూకా ఊళ్లో ఎవుస్తోలియా పిన్ని చెప్పుల కొట్టు. నా జ్ఞానస్నానానికి తల్లిగా నిలబడిన మనిషి. ఆమెను కాదనడానికి లేదు. కౌంటరు దగ్గర నిలబడి, వచ్చినవాళ్లను పలకరించి, ఏ సైజు అని అడగాలి. రోజంతా.

కంప్యూటర్ నేనే బిగించుకుంటాను. విడిభాగాలు కొంటే మూడోవంతు తగ్గుతుంది. కారణం అదొక్కటే.

ఫిబ్రవరి 6, గురువారం

అమ్మకు చెప్పాను. మొక్కజొన్న పిండితో ఉడికించిన తమాలె మీది ఆకు విప్పుతూ వింది.

"ఏది ముఖ్యం అందులో?"

"మదర్‌బోర్డు. మిగతావన్నీ దానిమీదే కూర్చుంటాయి."

"మరి దేనిమీద పొదుపు చేస్తావ్?"

"దానిమీదే."

అమ్మకు నవ్వు ఆగలేదు. "చవకలో పనిచేసే తల్లి కావాలా నీకు? ఇరవై మూడేళ్లుగా ఎదురుగానే ఉందిగా. రా, నామీద కూర్చో. కరెంటు కూడా అక్కర్లేదు."

తర్వాత మామూలు గొంతుతో అంది: "బజారుకి నేనొస్తాలే హసింతా. నువ్వు చూపించు, నేను మాట్లాడతా."

"వద్దు."

"ఎప్పుడూ చేసేదేగా."

"వద్దమ్మా."

నా పళ్లెంలో ఇంకో తమాలె పెట్టింది. ఒప్పుకోనప్పుడల్లా ఏదో ఒకటి పెడుతుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

నోటుపుస్తకంలో, బడిలో సిస్టర్లు నేర్పినట్టు, స్కేలు పెట్టి గడులు గీశాను. పొద్దున పద్నాలుగు బోర్డులు. మధ్యాహ్నానికి ఆరు. సాయంత్రం చర్చిలో పూజకు వెళ్లొచ్చేసరికి రెండు.

ఆ రెండింటికీ పేర్లు పెట్టాను. ఒకటి సిస్టర్ పెర్పెతువా. మాకు కుట్టుపని నేర్పినావిడ. సోకులేమీ లేవు. ర్యామ్‌కు రెండే స్లాట్లు. పదకొండు వందల యాభై పెసోలు. రెండోది సిస్టర్ క్లెమెన్సియా. పరీక్షలో తప్పు రాసినవాళ్లకు రెండో కాగితం ఇచ్చేది. దీనికి నాలుగు స్లాట్లు, వెనకవైపు ఒక చిన్న బటన్. పద్దెనిమిది వందల తొంభై.

బటన్ సంగతి రాసుకోవాలి. ప్రతి బోర్డులోనూ బయోస్ అనే మూల ప్రోగ్రాం ఉంటుంది. అది పాతదైతే కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. బటన్ ఉంటే, పెన్‌డ్రైవ్ పెట్టి ఒక్కసారి నొక్కితే చాలు. ఎవరి సాయమూ లేకుండా బయోస్ కొత్తదైపోతుంది. బటన్ లేని బోర్డు కొనేవాళ్లు పెట్టె మీద "కొత్త ప్రాసెసర్లకు సిద్ధం" అనే స్టిక్కర్ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే కొట్టువాణ్ణి అడగాలి.

అంతే. అంతకన్నా ఏమీ లేదు.

ఫిబ్రవరి 11, మంగళవారం

ప్రాసెసర్ టపాలో వచ్చింది. సంతకం పెట్టి తీసుకున్నాను. బిస్కెట్ అంత ఉంది. అడుగున బంగారు రంగు సూదులు, పదమూడు వందల పైచిలుకు. లెక్కపెట్టలేదు, చదివాను. నిరుడు తయారైనది.

ఫిబ్రవరి 13, గురువారం

తేడా ఏడు వందల నలభై. ఆ డబ్బుతో ర్యామ్ ఎనిమిది జీబీకి బదులు పదహారు తెచ్చుకోవచ్చు. అట్లాసుకు కావలసింది ర్యామ్. బటన్ జీవితంలో ఒక్కసారి నొక్కుతాం. స్టిక్కర్ చూసి కొంటే ఆ ఒక్కసారి కూడా అక్కర్లేదు. స్టిక్కర్ లేకపోతే ఒక్క ప్రశ్న అడగాలి. ఒక్క ప్రశ్న తప్పించుకోవడానికి ఏడు వందల నలభై పెసోలు పోసేవాళ్లుంటారా?

క్లెమెన్సియా గడి మీద రెండుసార్లు పెన్సిలు పెట్టాను. రెండుసార్లూ తీసేశాను.

పెర్పెతువా.

ఫిబ్రవరి 15, శనివారం

కొన్నాను.

కంప్యూటర్ సామాన్లు అమ్మే ఆ బజారులో మెట్లెక్కకముందే పిలుపులు మొదలవుతాయి. "రా రాణీ, నీకేం కావాలో అదే ఉంది నా దగ్గర!" "రాణీ, వాడి దగ్గర అన్నీ పాతవే, ఇటు రా!" నేను నేరుగా పసుపురంగు బల్ల దగ్గరికి వెళ్లి కాగితం ఇచ్చాను. నాలుగు వస్తువులు, నాలుగు నంబర్లు, గుండ్రటి అక్షరాల్లో.

బల్ల వెనక మనిషి దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు. "ఇదేంటి, మందుల చీటీయా? పరగడుపున వేసుకోవాలా, తిన్నాకా?"

వెనక నిలబడ్డవాళ్లు నవ్వారు.

"ఎవరికి? తమ్ముడికా, మొగుడికా?"

తల అడ్డంగా ఊపాను.

"తమ్ముడికే. ఆటలాడుకోడానికి ఇది చాలదని చెప్పు. తర్వాత నన్ను తిట్టుకుంటాడు." పై అరలోంచి పెర్పెతువా పెట్టె దించి, మీది దుమ్ము ఊది నా ముందు పెట్టాడు.

నాలుగు పక్కలా తిప్పి చూశాను. పైనా కిందా చూశాను.

నా వెనక ఒకాయన పెద్ద తెర ఒకటి పసిబిడ్డలా ఎత్తుకుని ఉన్నాడు. "కాస్త జరుగమ్మా, చేతులు పడిపోతున్నాయ్" అన్నాడు. జరిగాను. జరిగాక డబ్బు ఇచ్చేశాను.

పెట్టె కొత్తదే. సీలు చెక్కుచెదరలేదు. ఆ వీధిలో దుమ్ము లేనిదేది? స్టిక్కర్లు ఊడిపోతూనే ఉంటాయి.

ఫిబ్రవరి 16, ఆదివారం

భోజనాల బల్ల మీది గుడ్డ తీసేసి మొదలుపెట్టాను. ముందు కుళాయి ముట్టుకున్నాను, ఒంట్లో ఉన్న కరెంటు పోవడానికి. క్యాబినెట్‌లో ఇత్తడి కాళ్లు తొమ్మిది బిగించాను. ప్రాసెసర్ మూలన ఉన్న చిన్న త్రికోణాన్ని బోర్డు మీది త్రికోణానికి సరిగ్గా పెట్టాను. నొక్కలేదు. అదే దిగింది. సూదిలోకి దారం మొదటిసారే ఎక్కినట్టు.

అమ్మ టేబుల్ లైటు పట్టుకుని నిలబడింది. మధ్యలో ఒక్కసారే మాట్లాడింది: "ఈ స్క్రూ మిగిలిపోయిందేంటే?" అది కవరులో అదనంగా ఇచ్చిన స్క్రూ. అయినా చూసి చెప్పాను.

స్విచ్ వేసేముందు అమ్మ శిలువ గుర్తు వేసుకుంది.

ఫ్యాన్ తిరిగింది. తెర నల్లగా ఉంది.

ఫిబ్రవరి 17, సోమవారం

ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను. ఫ్యాన్ తిరుగుతోంది. తెర నల్లగా ఉంది.

ఫిబ్రవరి 18, మంగళవారం

ర్యామ్ రెండో స్లాట్‌లో. ఫ్యాన్ తిరుగుతోంది. తెర నల్లగా ఉంది.

ఫిబ్రవరి 19, బుధవారం

అమ్మ పక్కింటివాళ్ల తెర అడిగి తెచ్చింది. అదీ నల్లగానే ఉంది. "రెండు తెరలూ కూడబలుక్కున్నాయేమో" అంది అమ్మ. నేను నవ్వలేదని ఆమె కూడా మానేసింది.

ఫిబ్రవరి 20, గురువారం

మొత్తం విప్పి, అట్టపెట్టె మీద పరిచి మళ్లీ బిగించాను. మొదటిసారి నాలుగు గంటలు పట్టింది. ఇప్పుడు ఇరవై నిమిషాలు.

తెర నల్లగా ఉంది.

ఫిబ్రవరి 22, శనివారం

సొంతంగా కంప్యూటర్లు బిగించుకునేవాళ్లు ఇంటర్నెట్‌లో రాసుకునే చోట ప్రశ్న పెట్టాను, ఆరు ఫొటోలతో. గంటలో ఒకాయన జవాబిచ్చాడు. అక్కడ ఆయన పేరు చిప్పుల తాత.

"ఫొటోలు భేష్. బిగింపు నా బిగింపు కంటే బాగుంది. ఒక్కటి చెప్పు తల్లీ, పెట్టె మీద స్టిక్కర్ ఉందా?"

గుర్తులేదని రాశాను.

పెట్టె నా పక్క కుర్చీలో ఉంది.

ఫిబ్రవరి 23, ఆదివారం

తాత మళ్లీ రాశాడు.

"గుర్తులేకపోతే వెళ్లి చూడు, పెట్టె ఎక్కడికీ పోదుగా. స్టిక్కర్ లేకపోతే కథ ఇదీ: నీ బోర్డు రెండేళ్లుగా ఏదో అరలో పడుకుంది. నీ ప్రాసెసర్ అప్పటికింకా పుట్టలేదు. బోర్డుకి జబ్బేం లేదు, పరిచయం లేదంతే. ఎవరి దగ్గరైనా పాత ప్రాసెసర్ ఒకటి పది నిమిషాలు అరువు తీసుకో. దాంతో బోర్డు లేస్తుంది. బయోస్ మార్చు, తర్వాత నీది పెట్టుకో. రిపేరు చేసే ప్రతివాడి సొరుగులోనూ అలాంటిదొకటి ఉంటుంది. అడగటమే పని."

స్టిక్కర్ లేదు. కొన్న రోజే చూశాను.

ఫిబ్రవరి 25, మంగళవారం

మూడు రిపేరు కొట్లకు మెసేజ్ పెట్టాను. ఒకరు "ఫోన్ చెయ్యండి" అన్నారు. రెండోవారు "ఫోన్ చెయ్యి అక్కా, రాస్తే అర్థం కాదు" అన్నారు. మూడోవారు చదివి ఊరుకున్నారు.

ఇంకా ఆరు రోజులున్నాయి.

ఫిబ్రవరి 26, బుధవారం

ఎవుస్తోలియా పిన్ని ఫోన్ చేసింది. అమ్మ వంటింట్లోంచి మాట్లాడింది.

"లేదు ఎవుస్తోలియా, సోమవారం తెలుస్తుంది. కుదరకపోతే మంగళవారం బస్సుకి పంపిస్తా... ఆ, నల్లబూట్లే వేసుకుంటుందిలే... దాని సంగతి నీకు తెలియనిదేముంది?"

ఫోన్ పెట్టాక వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"పిన్ని మంచిదే. నువ్వు మాట్లాడకపోయినా ఏమనదు. వెనక గదిలో పెట్టెలు సర్దుకోవచ్చు."

"కౌంటరు అంది."

"మొదట్లో అంటుందిలే." కుర్చీ దగ్గరికి లాక్కుంది. "శనివారం నేనొస్తానే. రెండు నిమిషాలు. నేనడుగుతా, వాళ్లిస్తారు, అయిపోతుంది."

ఆలోచించాను. నిజంగా రెండు నిమిషాల్లో అయిపోతుంది. కంప్యూటర్ పనిచేస్తుంది. పని దొరుకుతుంది. ఆ తర్వాత ఏది చెడినా ఇలాగే అవుతుంది.

"వద్దమ్మా."

"ఎందుకే మొండిదానా?"

"అడగకుండా కొన్నది నేను."

అమ్మ లేచి వెళ్లి జామపండ్లు కోసి తెచ్చింది. ఉప్పూకారం మరీ ఎక్కువ చల్లింది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

చెప్పాల్సినవి మూడు వాక్యాలు. కాగితం మీద రాశాను. చింపాను. మళ్లీ రాసి జేబులో పెట్టుకున్నాను. రేపు పది గంటలకు.

మార్చి 1, శనివారం

బోర్డు బిగించిన క్యాబినెట్, దాని ఖాళీ పెట్టె మోసుకుని అదే బజారుకి వెళ్లాను. కింద అరుపులు. రెండో అంతస్తులో పాటలు. మూడో అంతస్తు రిపేరువాళ్లది. అక్కడ ఎవరూ ఎవర్నీ పిలవరు. వేడిగాలి గన్నుల సొద, కాలిన జిగురు వాసన.

మొదటి రెండు బల్లల ముందునుంచి రెండుసార్లు నడిచాను. మూడోదాని మీద నివెస్ అని రాసి ఉంది. నలభై అయిదేళ్ల ఆవిడ, కంటికి భూతద్దం, గోళ్లకు ఎర్రరంగు, చేతిలో సోల్డరింగ్ కడ్డీ. కాగితం చాపాను.

"ఏంటది? నా చేతులు చూడు, ఖాళీగా ఉన్నాయా?"

కాగితం అద్దం మీద పెట్టి ఆమె వైపు జరిపాను.

"ఈ భూతద్దం తీశానంటే ఈ అతుకు పోతుంది పిల్లా. నోటితో చెప్పు. చెవులు ఖాళీయే."

"ఈ బోర్డు నా ప్రాసెసర్‌ను గుర్తుపట్టడం లేదు. పాత ప్రాసెసర్ ఒకటి పది నిమిషాలు ఇస్తారా? బయోస్ నేనే మార్చుకుంటాను."

ఇదీ నేను చెప్పింది. చివరిదాకా చెప్పాను. మొదలుపెట్టినప్పుడు ఆమె చిప్పు మూడో కాలు అతుకుతోంది. నేను ముగించేసరికి ఆరోది. ఈలోపు నాకు ఒక్క మాట కూడా అందివ్వలేదు. తల కూడా ఎత్తలేదు.

పక్క బల్లాయన మెడ చాచాడు. "ఏం కావాలట?"

"నాకు చెబుతోంది క్రిసాంతో, నీకు కాదు. నీ పని చూసుకో."

కడ్డీ స్టాండులో పెట్టి, భూతద్దం నుదుటి మీదికి తోసుకుని, అప్పుడు చూసింది. పెట్టెనూ నన్నూ.

"కింద పసుపు బల్లవాడు అంటగట్టాడా?"

"నేను అడగలేదు."

"వాడు చెప్పి ఉండాలి, నువ్వు అడిగి ఉండాలి. సరికి సరి. ఇటొచ్చి కూర్చో."

సొరుగులోంచి అగ్గిపెట్టె తీసింది. అందులో దూదిలో చుట్టిన ప్రాసెసర్. ఒక మూల సూదులు ఎన్నోసార్లు వంగి, ఎన్నోసార్లు సర్దుకున్నట్టున్నాయి.

"దీన్ని ముత్తవ్వ అంటాం. ఈ అంతస్తులో లేవని బోర్డుల్ని ఇదే లేపుతుంది. తీసుకో."

"నేనా?"

"నేనే మార్చుకుంటానన్నావుగా. లేకపోతే నేను వేరేలా విన్నానా?"

మీట ఎత్తాను. నాది తీశాను. ముత్తవ్వను త్రికోణం చూసి దింపాను. అది సరిగ్గానే కూర్చుంది. ఆమె తన తెర తీగ ఇచ్చింది. స్విచ్ వేశాను.

నలుపు మీద తెల్ల అక్షరాలు. పదమూడు రోజుల తర్వాత.

పెన్‌డ్రైవ్ పెట్టాను. మొదలుపెట్టనా అని తెర అడిగింది. మీట నొక్కబోతుంటే నివెస్ నా మణికట్టు పట్టుకుంది.

"ఆగాగు. అరవలేదు."

అర్థం కాలేదు.

"ఇక్కడి తీగలు మా తాతల కాలంనాటివి. నాలుగు గన్నులు ఒక్కసారి వేశారంటే ఫ్యూజు పోతుంది. బయోస్ సగంలో ఉండగా కరెంటు పోయిందా, నీ బోర్డు ఇక బోర్డు కాదు, పళ్లెం. అందుకని 'బయోస్' అని అరవాలి. అందరూ గన్నులు ఆపుతారు. అయ్యేదాకా ఎవరూ వెయ్యరు."

"మీరు..."

"నా బోర్డు కాదుగా. ఎవరి బోర్డుకి వాళ్లే అరవాలి. ఇక్కడ అదే కట్టుబాటు."

క్రిసాంతో గన్ను వేసుకుని పని చేసుకుంటున్నాడు. ఆ చివర ఇంకో రెండు మోగుతున్నాయి. లేచి నిలబడ్డాను.

"బయోస్!"

ఒక్కసారికే వచ్చింది. అరిచేటప్పుడు వేరేలా వస్తుందని నాకు తెలియదు. ఎప్పుడూ అరవలేదు కదా.

క్రిసాంతో గన్ను ఆపేశాడు. ఆ చివర ఒకటి ఆగింది, తర్వాత ఇంకోటి. "ఎవరిదిరా?" అని ఎవరో అడిగారు. "నివెస్ దగ్గర కొత్తమ్మాయిది" అని ఎవరో అన్నారు. అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు, చర్చి పూజలో ఫాదర్ అప్పం పైకెత్తినప్పటిలా. కింది అంతస్తు పాట ఒక్కటే వినిపిస్తోంది. నాలుగు నిమిషాలు. తెర మీద గీత నిండుతూ ఉంటే నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను.

నిండింది.

"అయ్యిందని కూడా చెప్పాలి. పాపం, వాళ్ల పని ఆగిపోయింది."

"అయ్యింది!" అన్నాను. గన్నులన్నీ ఒక్కసారి మోగాయి.

ముత్తవ్వను తీసి దూదిలో పెట్టాను. నాది దింపాను. తెర మీద దాని పేరు, నంబరుతో సహా వచ్చింది.

"ఈసారి కొనేటప్పుడు అడుగు" అంది నివెస్, భూతద్దం దించుకుంటూ. "ఎంతసేపైనా పట్టనీ. వెనకవాడికి చేతులు నొప్పెడితే కింద పెట్టుకుంటాడు."

తెర ఎత్తుకున్న మనిషి సంగతి నేను ఆమెకు చెప్పలేదు. ఆ బజారులో అందరి వెనకా అలాంటి మనిషి ఒకడు ఉంటాడేమో.

మార్చి 2, ఆదివారం

అన్నీ ఎక్కించాను. అమ్మ క్యాబినెట్ మీద చెయ్యి పెట్టి చూసింది. "వెచ్చగా ఉందే, జ్వరమా?"

"అంత వేడి ఉండాలి."

"పిన్నికి ఫోన్ చేసి రాదని చెప్పనా?"

"రేపటిదాకా ఆగు."

మార్చి 3, సోమవారం

పదీ పదికి ఫైళ్లు వచ్చాయి. మొదటి పేజీ నదులు. పన్నెండు పొరలు, అన్నీ తెరుచుకున్నాయి. ఫ్యాన్ కొంచెం గట్టిగా తిరిగింది, అంతే. పేర్లన్నీ నదుల వంపు వెంట కూర్చడం మొదలుపెట్టాను.

పదకొండింటికి ఫోన్ మోగింది. అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆమె అందుకునేలోపు నేను తీశాను. అమ్మ అక్కడే నిలబడిపోయింది, తువ్వాలు చేతిలో పట్టుకుని.

"ఆనా ఉందా అండీ?" అంది ఫ్రాంకా మేడమ్. "ఫైళ్లు తెరుచుకున్నాయో లేదో కనుక్కుందామని."

"తెరుచుకున్నాయి. నేనే మాట్లాడుతున్నాను. నా పేరు హసింతా."

పేరు పూర్తయ్యేదాకా ఆమె లైను పెట్టేయలేదు.

"హసింతా" అంది. "పరీక్ష నెగ్గితే పుస్తకం చివర కూర్చినవాళ్ల పేరు వేస్తాం. అలాగే వేయమంటావా?"

"అలాగే వేయండి."

పుస్తకాల కొట్టులో మూడేళ్లూ అందరూ నన్ను ఆనా అనే పిలిచారు. చేరిన రోజు పేరు అడిగితే, 'హ' దగ్గర నత్తి పట్టేసి ఎంతకీ రాక, చివరికి నోటికి తేలిగ్గా వచ్చిన పేరు చెప్పాను.